చెరువుల సంప్రదాయ విజ్ఞానం – ప్రభుత్వ విధానం: ఉమ్మడి చిత్తూరు జిల్లా అనుభవం

రాయలసీమకు దక్షిణ భాగాన ఉన్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. స్వర్ణముఖి, నీవా, బాహుదా, పింఛ, అరణియార్, పాలారు వంటివన్నీ వర్షాకాలంలో పారి, వేసవిలో ఇసుక మేటలుగా మిగిలే వాగులు, నదులే. అయినప్పటికీ ఈ ప్రాంతంలో శతాబ్దాలుగా వరి పండుతున్నది, పశుసంపద వర్ధిల్లుతున్నది. ఇందుకు కారణం కొండల పాదాల వద్ద, వంకల వెంట మన పూర్వీకులు నిర్మించిన వేలాది చెరువులు. ఆ చెరువులను కట్టిన నేర్పు ఎంత గొప్పదో, వాటి నీటిని పంచుకొనుటకు గ్రామస్థులు ఏర్పరచుకొన్న కట్టుబాట్లు అంత విలువైనవి. గ్రామీణుల ఈ అనుభవ విజ్ఞానం ప్రభుత్వ చట్టాలలో, పథకాలలో ఎంతవరకు చోటు చేసుకొన్నది, ఇంకా చేసుకోవలసినది ఏమిటి అన్న విషయాన్ని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

జిల్లా స్వరూపం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పటి ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి వేరుచేసిన తాలూకాలు, పుంగనూరు, శ్రీకాళహస్తి తదితర జమీందారీ ప్రాంతాలు ఇందులో చేరాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడగా, మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరింది. పాలనా సరిహద్దులు మారినా నీటి సరిహద్దులు మారలేదు. తూర్పున శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలపై, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలపై ఆధారపడతాయి. పడమట మదనపల్లె, పుంగనూరు, కుప్పం పీఠభూమి ప్రాంతాలలో వర్షపాతం తక్కువ. వాయుగుండం పట్టినపుడు నాలుగు రోజులలో కురిసిన వానను ఎనిమిది నెలలు కాపాడుకొనవలసిన పరిస్థితి ఇక్కడి రైతుది. ఈ అవసరం నుంచి పుట్టినదే గొలుసుకట్టు చెరువుల విధానం. పై చెరువు నిండి మొరవ పారితే ఆ నీరు వంక ద్వారా కింది చెరువుకు చేరుతుంది. అది నిండితే ఇంకొక చెరువుకు పోతుంది. అందువల్ల ఏ ఒక్క చెరువు క్షేమమూ ఆ ఒక్క గ్రామానికే పరిమితమైన విషయం కాదు.

శాసనాలు చెప్పే విషయం

చెరువుల నిర్మాణానికి సంబంధించిన విజ్ఞానం కేవలం నోటి మాటగా సాగినది కాదు. పొరుగున ఉన్న కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఇందుకు సాక్ష్యం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ అనంతరాజ సాగరమనే చెరువును నిర్మించిన సందర్భంలో వేయించిన శాసనమిది. మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను ఇది వరుసగా పేర్కొంటుంది. గట్టి నేల, తీయని నీటి నది, కట్టకు ఆనుకొనే కొండలు, మరీ పొడవు కాని రాతి కట్ట, విశాలమైన లోతైన గర్భం, సమీపంలో రాతి గని, పనిలో ఆరితేరిన కూలీలు మొదలైనవి సాధనాలు. కట్ట నుంచి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండుట, చెరువు గర్భంలో మిట్ట ఉండుట, తక్కువ నీరు–ఎక్కువ ఆయకట్టు, ఎక్కువ నీరు–తక్కువ ఆయకట్టు అనునవి దోషాలు. చెరువు నిర్మాణానికి ప్రతిదినం వేయి మంది కూలీలు, నూరు బండ్లతో రెండేళ్లు పట్టినట్లు కూడా శాసనం చెబుతున్నది. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో పోరుమామిళ్ల చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల నిర్మాణాలలో ఒకటిగా గుర్తించింది.

ఈ ఆరు దోషాలు నేటికీ వర్తించేవే. ఉదాహరణకు రెండు రాజ్యాల సరిహద్దు అన్న దోషాన్ని తీసుకొనవచ్చు. కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా తమిళనాడుకు పారే పాలారు విషయంలో నాటి మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన ఒప్పందం నేటికీ అంతర్రాష్ట్ర చర్చలలో ప్రస్తావనకు వస్తూనే ఉన్నది.

తిరుమల శాసనాలు మరొక విశేషాన్ని తెలియజేస్తాయి. విజయనగర కాలంలో భక్తులు స్వామివారి నైవేద్యాలకై సమర్పించిన ధనాన్ని శ్రీభండారంలో ఊరకే ఉంచక, తిరువిడయాట్టం అని పిలిచే ఆలయ గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించుటకు వినియోగించేవారు. దానివల్ల పెరిగిన పంట నుంచి దాత కోరిన నైవేద్యం శాశ్వతంగా జరిగేది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి 1930లో వెలువరించిన దేవస్థానం శాసనాల నివేదిక, ఆ తరువాత ప్రచురితమైన శాసన సంపుటాలు ఈ వివరాలను వెలుగులోనికి తెచ్చాయి. వీటి ఆధారంగానే చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో ఆలయం నిర్వహించిన ఆర్థిక పాత్రను విశ్లేషించారు. భక్తి, వ్యవసాయం, పెట్టుబడి అనే మూడింటినీ ఒకే ఏర్పాటులో కలిపిన విధానమిది.

గ్రామ కట్టుబాట్లు

చెరువు నిర్వహణకు గ్రామాలలో మూడు ఆధారాలు ఉండేవి. మొదటిది దశబంధం. చెరువు తవ్వించినవారికి లేదా మరమ్మతు చేయించినవారికి శిస్తులో పదవ వంతు మినహాయింపుతో, లేదా ఇనాముగా భూమి ఇచ్చేవారు. ఆ భూమిని అనుభవించినంత కాలం కట్టను, తూమును కాపాడవలసిన బాధ్యత వారిదే.

రెండవది నీరుగంటి వ్యవస్థ. కొన్ని ఊళ్లలో నీరుగట్టి అని, తెలంగాణలో నీరటి అని పిలిచే ఈ గ్రామ సేవకుడు తూము తెరచుట, మూయుట, కాలువలను కనిపెట్టుట, ప్రతి మడికి వంతు ప్రకారం నీరు పెట్టుట, వానాకాలంలో రాత్రింబవళ్లు కట్టను కాచుట వంటి పనులు చేసేవాడు. రైతులు స్వయంగా తూము ముట్టరాదన్నది కట్టుబాటు. నీరుగంటికి జీతం నగదుగా కాక, నూర్పిళ్ల సమయంలో కళ్లంలోనే ధాన్యం మేరగా ముట్టేది. పంట బాగా పండితే అతని మేర పెరుగుతుంది. కాబట్టి చివరి మడికి సైతం నీరు చేర్చుటలో అతనికి స్వంత ప్రయోజనం ఉండేది. పలు గ్రామాలలో ఈ బాధ్యత భూమిలేని దళిత కుటుంబాల చేతిలో ఉండుట గమనార్హం. నీటిపై హక్కు లేనివాడు నీటిని పంచితే పక్షపాతం ఉండదన్న ఆలోచన ఇందులో ఇమిడి ఉన్నది.

మూడవది దామాషా పద్ధతి. చెరువు సగమే నిండిన ఏడు ఆయకట్టు మొత్తం నాటితే పంట మొత్తం ఎండిపోతుంది. అందుచేత పెద్దలు, నీరుగంటి కట్టపై సమావేశమై నీటిమట్టాన్ని చూచి, ఎన్ని ఎకరాలకు నీరు చాలునో నిర్ణయించేవారు. తూముకు దగ్గరగా ఉన్న ఆ మేర భూమినే ఆ ఏటికి అందరు రైతులు తమ తమ వాటాల ప్రకారం పంచుకొని సాగు చేసుకొనేవారు. తన భూమిలో పొరుగువాడు పంట పెట్టుకొనుటకు పైభాగపు రైతు అంగీకరించుట ఈ పద్ధతికి ప్రాణం.

ఈ కట్టుబాట్లకు సంస్కృతి అండగా నిలిచింది. కట్ట మీద గంగమ్మ గుడి, అక్కదేవతల రాళ్లు లేని పాత చెరువు అరుదు. చెరువు నిండి మొరవ పోయిన రోజున ఊరంతా కదలి గంగపూజ చేయుట నేటికీ కనిపిస్తుంది. వానల కోసం ధర్మరాజుల గుళ్ల వద్ద మహాభారత ఉత్సవాలు జరుపుట, విరాటపర్వం కథ చెప్పించుట చిత్తూరు ప్రాంతంలో సజీవంగా ఉన్న ఆచారం. పూజ నెపంతో ఊరి జనమంతా ఏటా ఒకసారి కట్ట పొడవునా నడచి, గండి పడే చోటును, తూము పరిస్థితిని కళ్లారా చూచేవారు. నేటి భాషలో చెప్పాలంటే అది వార్షిక తనిఖీ.

చట్టాల రాకతో వచ్చిన మార్పు

బ్రిటిషు పాలనలో చెరువు గ్రామం చేతి నుంచి క్రమంగా ప్రభుత్వ శాఖల చేతికి మారింది. చెరువు కట్టల రక్షణకు రైతులు చేసే ఉమ్మడి శ్రమను కుడిమరామత్తు అనేవారు. అది సన్నగిల్లుచుండగా 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టాన్ని తెచ్చింది. ఆచారంగా జరిగినది శిక్షకు భయపడి జరగదని అనుభవం తేల్చింది. 1883లో ప్రారంభమైన చెరువుల పునరుద్ధరణ పథకం కింద ప్రతి చెరువుకు కట్ట ఎత్తు, మొరవ మట్టం, తూముల సంఖ్య తెలిపే 'ట్యాంక్ మెమోయిర్' అనే పత్రాలను రూపొందించారు. ఇంజనీరింగ్ కొలతలను పదిలపరచుటలో ఈ పత్రాలు ఎంతో ఉపకరించాయి. అయితే కట్ట ఎత్తు కాగితానికి ఎక్కినంతగా, ఆ కట్టను కాచే మనిషి అనుభవం ఎక్కలేదు.

స్వాతంత్ర్యానంతరం 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం, 1956 నాటి ఇనాముల రద్దు చట్టం సాంఘిక న్యాయం దృష్ట్యా అత్యవసరమైన సంస్కరణలు. వాటి ఫలితంగా లక్షలాది రైతులు పట్టాదారులైనారు. అదే సమయంలో చెరువు మరమ్మతు బాధ్యతతో ముడిపడిన ఇనాములు వ్యక్తుల స్వంత భూములుగా మారగా, ఆ బాధ్యతను స్వీకరించే ప్రత్యామ్నాయం గ్రామంలో ఏర్పడలేదు. 1984లో గ్రామ కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. 1980వ దశకం నుంచి బోరుబావులు విస్తరించుటతో, ముఖ్యంగా పడమటి మండలాలలో, రైతుకు చెరువు మీది ఆశ తగ్గింది. కొన్ని గ్రామాల వారు తూములు మూసివేసి, చెరువును భూగర్భ జలాలు పెంచే ఊట చెరువుగా ఉంచుటకు ఇష్టపడ్డారు. బోరు ఉన్నవారికి ఇది లాభం కాగా, బోరు వేయలేని చిన్న రైతుకు చెరువు నీరు దూరమైంది.

రైతుల యాజమాన్యం దిశగా

ఈ నేపథ్యంలో 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల వ్యవస్థల యాజమాన్య చట్టం ఒక మలుపు. రాష్ట్రవ్యాప్తంగా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడి, అదే సంవత్సరం ఎన్నికలు జరిగాయి. వంద ఎకరాలు, ఆపైన ఆయకట్టు గల చెరువులు వీటి పరిధిలోకి వచ్చాయి. అధికారులు చేసే పనిని రైతులకు అప్పగించిన ఈ చట్టం దేశంలోని ఇతర రాష్ట్రాలకు మార్గదర్శకమైంది. ఈ సంఘాలకు 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు నిర్వహించారు.

అయితే సంప్రదాయ విజ్ఞానం దృష్ట్యా ఈ చట్టంలో రెండు అంశాలు పరిశీలించదగినవి. మొదటిది, సంఘాలు వారబంది పట్టిక తయారు చేయవలెనని చట్టం చెబుతున్నది. వారబంది ఉత్తర భారత కాలువల నుంచి వచ్చిన పద్ధతి. నిరంతరం పారే కాలువలో ఎవరికి ఏ వారం, ఏ గంట నీరు అని కాలాన్ని పంచుటకు అది చక్కగా సరిపోతుంది. చెరువులో ఉన్నది పారే నీరు కాదు, నిలువ నీరు. ఇక్కడ మొదట పంచుకొనవలసినది గంటలను కాదు, సాగు విస్తీర్ణాన్ని. ఆ పని చేసేది దామాషా. రెండవది, సంఘంలో ఓటు హక్కు ఆయకట్టు భూమి గలవారికే పరిమితం. నీరుగంటి, చెరువులో చేపలు పట్టే యానాది కుటుంబాలు, పశువులను నీటికి తోలే పెంపకందారులు, బట్టలుతికే రజకులు, ఒండ్రు మట్టి తీసుకొనే కుమ్మరులు చెరువుపై ఆధారపడినవారే అయినా నిర్ణయంలో వారికి ఓటు లేదు. చెరువు లోతును, మట్టి గుణాన్ని ఎరిగినవారిలో అధికులు వీరే.

తదుపరి పథకాలు

2000వ సంవత్సరంలో నీరు–మీరు కార్యక్రమం, 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం అమలులోకి వచ్చాయి. అదే సంవత్సరం ప్రకటించిన జాతీయ జల విధానం సంప్రదాయ జల సంరక్షణ పద్ధతులను పేర్కొన్నది. 2006 ఫిబ్రవరి 2న పొరుగు జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే చిత్తూరు జిల్లాకు వర్తించగా, పూడికతీత, సరఫరా కాలువల పనులు పెద్ద ఎత్తున జరిగాయి. 2007లో ప్రపంచ బ్యాంకు 18.9 కోట్ల డాలర్ల సహాయంతో సామాజిక చెరువుల యాజమాన్య ప్రాజెక్టును ఆమోదించింది. దాదాపు 3,000 చెరువుల అభివృద్ధి లక్ష్యంగా చేపట్టిన ఈ ప్రాజెక్టులో చేపల పెంపకం, పశుపోషణ వంటి జీవనోపాధులకు కూడా చోటు కల్పించారు. 2018లో ఒప్పందం కుదిరిన సమగ్ర నీటిపారుదల, వ్యవసాయ పరివర్తన ప్రాజెక్టు మరో వెయ్యి చిన్న నీటి వనరులను చేపట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకొన్నది. 2023లో కేంద్రం ప్రకటించిన తొలి జల వనరుల గణన దేశంలో 24 లక్షలకు పైగా నీటి వనరులను నమోదు చేసింది. వాటిలో చెరువుల సంఖ్యలో ఆంధ్రప్రదేశ్ ప్రథమ స్థానంలో నిలిచింది.

2025 ఆగస్టు 30న హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు కుప్పం చేరిన సందర్భంలో పరమసముద్రం వద్ద ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. గ్రామస్థులు గంగమ్మకు చేసే పూజ రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమంగా రూపొందుటకు ఇది ఉదాహరణ. ఆచారాన్ని స్వీకరించినట్లే, ఆచారం వెనుక ఉన్న పంపక న్యాయాన్ని కూడా స్వీకరించిననాడు కాలువ నీటితో నిండే చెరువులు పూర్తి ప్రయోజనం ఇస్తాయి.

ఒక హెచ్చరిక

2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలు ఈ విషయాన్ని అందరి దృష్టికి తెచ్చాయి. తిరుపతి సమీపాన రామచంద్రాపురం మండలంలో, కృష్ణదేవరాయల కాలం నాటిదని ప్రసిద్ధి చెందిన రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుట ప్రారంభమైంది. దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించవలసి వచ్చింది. ఇసుక బస్తాలతో కట్టను పటిష్ఠపరచి ప్రమాదాన్ని నివారించారు. అదే వర్షాలలో కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయి ప్రాణనష్టం సంభవించింది. పోరుమామిళ్ల శాసనం పేర్కొన్న మొదటి దోషం కట్ట నుంచి నీరు ఊరుటయే. చెమ్మ ఏ చోట మొదలైనదో, నీటి రంగు ఎపుడు మారినదో చెప్పగలిగినవాడు ప్రతిదినం కట్ట మీద నడిచేవాడే. కొలత యంత్రాలు అవసరమే, కానీ అవి కట్ట మీద మనిషికి తోడు కావాలి గాని, అతనికి బదులు కారాదు.

ఇతర దేశాల అనుభవం

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో 'సుబాక్' అనే రైతు సంఘాలు జలదేవాలయాల పూజా దినాలను అనుసరించి నీటిని పంచుకొంటాయి. 1970వ దశకంలో కొత్త వరి వంగడాలతో పాటు, ఎవరికి వారు వీలైనంత తరచుగా నాటే విధానాన్ని ప్రభుత్వం ప్రోత్సహించగా పురుగు తెగుళ్లు, నీటి కొరత పెరిగాయి. ప్రాంతమంతా ఒకేసారి నాటి, ఒకేసారి బీడు పెట్టే పాత పద్ధతికి గల శాస్త్రీయ ప్రయోజనం తరువాత పరిశోధకులు నిరూపించారు. 2012లో యునెస్కో సుబాక్ వ్యవస్థను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చేయదగిన పనులు

పాత వ్యవస్థ అంతా ఆదర్శమని భావించుట సరికాదు. అందులో వెట్టి ఉన్నది, కులం ఉన్నది. నీరు పెట్టే చేతికి నీటిలో వాటా లేదు. స్త్రీలకు కట్ట మీది సభలో స్థానం లేదు. కాబట్టి స్వీకరించవలసినది విజ్ఞానాన్ని, విడిచిపెట్టవలసినది అసమానతను. ఈ దృష్టితో ఈ క్రింది అంశాలు పరిశీలించదగినవి.

1. చెరువు మరమ్మతు అంచనాలు రూపొందించుటకు ముందు నీరుగంటితో, వృద్ధ రైతులతో, మత్స్యకారులతో కట్ట వెంట నడచి వారు చెప్పిన విషయాలను పాత పత్రాలతో పాటు లిఖితపూర్వకంగా నమోదు చేయుట.

2. నీటి కొరత ఏర్పడిన సంవత్సరంలో దామాషా పాటించుటకు సంఘం ముందుగానే తీర్మానం చేసి, నీటిమట్టాన్ని బట్టి సాగు విస్తీర్ణం తెలిపే పట్టికను తూము వద్ద రాయించుట.

3. నీరుగంటి పనిని కులవృత్తిగా కాక నైపుణ్యం గల ఉద్యోగంగా గుర్తించి, తగిన వేతనం, శిక్షణ, బీమా కల్పించుట. ఆ పని నేర్వగోరిన స్త్రీ పురుషులందరికీ అవకాశమిచ్చుట.

4. భూమిలేని చెరువు ఆధారితులకు సంఘ నిర్ణయాలలో ఓటుతో కూడిన ప్రాతినిధ్యం కల్పించు విషయం చర్చించుట.

5. పూడికతీతకు ముందుగా సరఫరా కాలువలను, వంకలను ఆక్రమణల నుంచి విడిపించుట. నీరు చేరని చెరువును ఎంత లోతు తవ్వినా ప్రయోజనం లేదు. గ్రామ ఉమ్మడి భూముల, చెరువుల ఆక్రమణలను తొలగించవలెనని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఇందుకు బలం చేకూర్చుతున్నది.

6. తీసిన ఒండ్రు మట్టిని పొలాలకు తోలుకొనుటకు చిన్న రైతులకు, వృత్తి పనికై కుమ్మరులకు ప్రాధాన్యమిచ్చుట.

నీరుగంటి పని చేసిన తరం వయసు మళ్లినది. వారి పిల్లలు ఇతర ఉపాధులలో స్థిరపడుతున్నారు. శాసనం రాతి మీద ఉన్నది గనుక ఆరున్నర శతాబ్దాలు నిలిచింది. ఏ తూముకు ఎన్ని మెట్లు నీరుంటే ఎన్ని ఎకరాలు తడుస్తాయన్న లెక్క మాత్రం మనుషుల జ్ఞాపకంలోనే ఉన్నది. దానిని నమోదు చేయుటకు భారీ నిధులు అవసరం లేదు. ప్రతి చెరువు సంఘం, గ్రామ పంచాయతీ, పాఠశాల, నీటిపారుదల శాఖ సిబ్బంది కలసి ఒక వేసవిలో పూర్తి చేయగలిగిన పని అది. రాబోయే వానకు ముందే ఆ పని మొదలైతే చెరువుకూ, దాని కింది ఊరికీ మేలు.